నీలంగా వచ్చిన అన్నప్రాశన

నేవన్, ఆదివారం

నాన్నా, నేను కులాసా. ఫోనులో చెప్పే ముఖం లేక కార్డు రాస్తున్నాను. పోస్ట్‌మాన్ చదివినా సరే.

ఈ పరాయి దేశంలో నాకు పెద్దదిక్కైన జయశ్రీ ఆంటీ మనవరాలి అన్నప్రాశన ఫొటోలు చెడింది నీ కెమెరా వల్ల కాదు. ముందురోజు వంటింటి బల్బు వెలుగులో పులిహోరను తీయడానికి రంగుల సెట్టింగు మార్చి, అలాగే వదిలేశాను; మర్నాడు పగటి వెలుగులో అన్నీ నీలంగా వచ్చాయి. "పని కాగానే అన్నీ మామూలుకి తెచ్చి పెట్టాలమ్మా" అని స్టూడియోలో ఎన్నిసార్లు చెప్పావో! పాప చేయి చాచి పుస్తకం పట్టుకున్న క్షణం కూడా నీలమే.

"ఇదేమిటే, మా పిల్ల కృష్ణుడైపోయింది!" అంది ఆంటీ. వాళ్లబ్బాయి నవదీప్ ఫోనులో మాత్రం అన్నీ చక్కగా వచ్చాయి. నాకు తల కొట్టేసినట్టయి, "నాన్న తన పాతది అంటగట్టారాంటీ, పదిహేనేళ్లది" అనేశాను. రెండొందల పెళ్లిళ్లు తీసిన కెమెరాని అంత మాటన్నాను. ఆవిడ నీకే ఫోన్ చేస్తుందనుకోలేదు.

"పాతదిచ్చి నీ పరువు తీశానమ్మా, కొత్తది కొంటాలే" అన్న నీ మెసేజ్ చూశాక అన్నం సహించలేదు.

ఇవాళ వెళ్లి ఆంటీకి నిజం చెప్పాను. కిటికీ దగ్గర అదే కెమెరాతో పాపను మళ్లీ తీశాను. బుగ్గలు ఎర్రగా, ఉన్నవున్నట్టు వచ్చాయి. పుస్తకం ఇస్తే మాత్రం విసిరేసింది.

కొత్తది కొనకు. దీని ఛార్జరు వదులైంది, బీరువాలో రెండోది ఉంటే పంపు. అమ్మ మోకాలు డాక్టరుకి చూపించావా? అమ్మకి నా దండాలు.

ఈ కార్డు అందగానే ఆ మెసేజ్ కింద ఇంకేదైనా రాయి నాన్నా, తిట్టయినా సరే. ఫోను తెరిస్తే చివర అదే కనిపిస్తోంది.

నీ మనస్విని