మంట తెలియని చెయ్యి

అక్కా,

నువ్వు ఇక్కడికి బయల్దేరేలోపే ఇది చదువు.

మొటిమల మచ్చలు పోగొట్టమని నీ కూతురు నా ప్రాణం తీస్తుంటే, నా పార్లర్‌లో దాని ముఖానికి పై చర్మం పొర ఊడొచ్చే యాసిడ్ పీల్ వేశాను. కొత్త సీసా ఏదొచ్చినా ముందు నా మణికట్టు మీద రాసి చూసుకుంటాను. ఈసారీ అలాగే రాశాను, మంట పుట్టలేదు. ఘాటు తక్కువనుకుని, రెండు నిమిషాల్లో కడగాల్సింది పది నిమిషాలు ఉంచాను. పన్నెండేళ్లుగా ఇవే పూసీ పూసీ నా చర్మమే మొద్దుబారిందని నాకు తట్టలేదు.

అది పంటి బిగువున ఓర్చుకుంది. "మండుతోందని చెప్పొచ్చుగా!" అంటే, "నీకు తెలుసు కదా అని ఊరుకున్నా పిన్నీ" అంది.

కాలిన మచ్చలు ఇక పోవని డాక్టరు తేల్చేశారు. ఇంట్లో అద్దాలన్నీ తీసేశాను. నన్ను తర్వాత ఎంతైనా తిట్టు. గుమ్మంలో దాన్ని చూడగానే మాత్రం ఉలిక్కిపడకు. తన ముఖం ఎలా ఉందో అది మొదట నీ ముఖంలోనే చూసుకుంటుంది.

నీ చెల్లెలు