సిరిసిల్లలో కొన్న క్లారినెట్

మంగళవారం. బస్సుల్లో నడుం విరిగింది.

పాత క్లారినెట్ చీలిపోయింది, పెళ్లిళ్లు దగ్గరపడ్డాయి, కొత్తది కొనే తాహతు లేదు. అందుకే కోరుట్ల నుంచి సిరిసిల్ల వెళ్లి మల్లేశన్నది కొన్నాను. రోజూ కరెంటు సాంచాల మీద గుడ్డ నేస్తూ, పెళ్లిళ్లకు మా బ్యాండులో ఊదేవాడు. పని లేక రేపు మహారాష్ట్రలోని భివండి పోతున్నాడు.

ఊది చూసుకుందామని ఎప్పటిలా ఊరి బయటికి నడవబోయాను. సాంచాల మోతకు ఆ గల్లీలో పక్కవాడి మాటే వినపడదు కదా.

"ఏడికి పోతున్నవ్ తమ్మీ? గీడనే ఊదు, మంచిగ వినవడ్తది," అన్నాడు.

గుమ్మంలోనే నిలబడి ఊదాను. ఆయన వేళ్లు తొడమీద నాతోపాటే కదలడం చూసి ఒక స్వరం తప్పాను. ఆ తప్పు గల్లీ చివరిదాకా వినపడింది. కప్పడానికి ఒక్క సాంచా కూడా ఆడడం లేదు.