పక్కకు తీసిన పిడికెడు

పొన్నూరు,
డిసెంబరు 2.

ప్రియమైన అమ్మకు,

ఫోనులో ఇద్దరం ఏడ్చి పెట్టేస్తున్నాం. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీదైతే నాకు కొంచెం ధైర్యం ఉంటుంది, నీకు తెలుసు.

నాన్న పోయి నెల కాలేదు. అప్పుడే ఇంటి సంగతి ఎత్తడం కష్టంగా ఉంది. కానీ అది సంఘం ఇల్లు. కొత్త పాస్టరుగారు వస్తే ఖాళీ చేయాలి. సంఘపెద్ద ఆదాంగారు ఎంత గడువిచ్చారో రాయి. ఉన్నదంతా నాన్న వైద్యానికే అయిపోయింది. మా హాస్టల్లో టీచర్లకు తప్ప ఎవరికీ చోటివ్వరు. బయట గది చూశాను. అద్దె కట్టాక నా జీతంలో ఇద్దరి తిండికి మిగలదు.

నతానియేలు బాబాయి నిన్ను కనిగిరి వచ్చేయమంటున్నాడు. పిన్నికి ఒంట్లో బాగుండటం లేదట, నువ్వుంటే ఇల్లు నడుస్తుందట. నాకు వేరే దారి కనిపించడం లేదు.

సంఘంలో ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా పాస్టరుగారింటికని ఒక పిడికెడు పక్కకు తీస్తారు కదా. నాన్న లేకపోయినా ఆదివారాలు తెచ్చి పోస్తున్నారా? తింటున్నావా?

నీ జవాబు కోసం చూసే,
క్రిస్టీనా

*

డిసెంబరు 14.

నా బంగారుతల్లి క్రిస్టీనాకు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఆదాం మంచివాడు. ఈస్టరు దాకా ఉండమన్నాడు. నువ్వు గది వెతకడం మానెయ్యి.

ఈ ఏడు మిరప కాపు బాగుంది. వాన పడకుండా ఉంటే చాలు. మీ నాన్న తెల్లచొక్కాలు నాలుగూ నిన్న ఉతికి ఇస్త్రీ చేశాను. శనివారం కదా, చెయ్యి ఆగలేదు. చేశాక ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

బాబాయికి ఇప్పుడే ఏమీ చెప్పకు. చలిలో తలకు గుడ్డ కట్టుకో.

మీ అమ్మ

*

ఫిబ్రవరి 2.

క్రిస్టీనా తల్లికి,

వేలికి సూది గుచ్చుకుంది. అందుకని మన ఊరి బిందుమాధవిగారి చేత రాయిస్తున్నాను. ఇక్కడ అంతా క్షేమం. ఇంటికి ఏ లోటూ లేదు. కనిగిరి విషయానికి తొందరేం లేదు. పరీక్షల పని వదిలిపెట్టి నువ్వు రావద్దు.

మీ అమ్మ

*

పొన్నూరు,
ఫిబ్రవరి 14.

ప్రియమైన అమ్మకు,

ఒక వేలికి సూది గుచ్చుకుంటే మనిషి కలం పట్టలేకపోదు. కింద సంతకం కూడా నీది కాదు.

నీకు ఫోను చేస్తే ఎత్తడం లేదు. పెద్దవాళ్లతో ఫోనులో మాట్లాడటం నాకు చేతకాదు. అయినా ఆదాంగారికి చేశాను. ముందు మాట దాటేశారు. చివరికి, "అమ్మగారు ఆ ఇంట్లో లేరమ్మా. కొత్త పాస్టరు అయ్యగారు దిగి చాన్నాళ్లయింది. నీకు చెప్పొద్దని మాట తీసుకున్నారు" అన్నారు. ఎక్కడున్నావంటే చెప్పరు. చర్చికి కూడా రావడం లేదన్నారు.

ఆదివారం చర్చికి వెళ్లకుండా నువ్వు ఎక్కడుంటావమ్మా? ఏం తింటున్నావు?

బాబాయికి చెప్పేశాను. మార్చి ఒకటి ఆదివారం వ్యాను తీసుకొస్తాడు. నేనూ వస్తాను. సామాను సర్దుకో. నాన్న తర్వాత నిన్ను కూడా పోగొట్టుకునే శక్తి నాకు లేదు.

ఈ ఉత్తరం ఆదాంగారి పేరున పంపుతున్నాను. నీకు అందిస్తారు, ఆ మాత్రం ఒప్పుకున్నారు.

క్రిస్టీనా

*

ఫిబ్రవరి 22, ఆదివారం.

నా క్రిస్టీనాకు,

ఇది నా చేతిరాతే. వంకరగా ఉంటే కూడబలుక్కుని చదువుకో.

ఈస్టరు దాకా ఉండమన్నది నిజం. కానీ కొత్త అయ్యగారి భార్య స్తుతికి చంటిపిల్ల. ఊరి చివర రేకుల గదిలో దిగి, ఆ పిల్లనెత్తుకుని మన గుమ్మం ముందునుంచే చర్చికి నడిచేది. చూసి ఉండలేక క్రిస్మస్ వెళ్లగానే తాళం ఇచ్చేశాను. సూది మాట మాత్రం అబద్ధం.

బిందుమాధవిగారి దొడ్లో గది తీసుకున్నాను. ఆమె మిరపచేలోనే కోతకు వెళ్తున్నాను. నీకు సిగ్గుగా ఉంటుందేమో. మొదటిరోజు నాకూ అయింది. కోసేవాళ్లంతా మన సంఘంవాళ్లే. మీరు గట్టున కూర్చోండి, మీ సాలు మేం కోస్తాం అన్నారు. వాళ్లలో ఏస్తేరు మాత్రం ఒప్పుకోలేదు. "గట్టున కూర్చున్నోళ్లకి కూలెవరిస్తారు? అమ్మగార్ని కొయ్యనీయండి" అంది. ఇప్పుడు అందరికీ అక్కనయ్యాను.

కొన్నాళ్లకే చేతులు మండి గ్లాసు కూడా పట్టుకోలేకపోయాను. ఆ ఉత్తరం అప్పటిది. ఇంకొకటి చెప్తాను. ఆ ఘాటుకి చేలో అందరి కళ్లూ కారుతుంటాయి. నేను ఏడ్చినా ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన పోయాక కడుపునిండా ఏడ్చింది అక్కడే.

సంఘం ఆడవాళ్లు ఈ గదికి కూడా పిడికెడు బియ్యం తెచ్చారు. వద్దన్నాను, అవి పాస్టరుగారింటివి. మీ బాబాయి కూడా నాకు అన్నం పెడతాడు, కాదనను. కానీ అక్కడ ప్రతి ముద్దకూ ఎవరి మొహమో చూడాలి.

ఆయన నిలబడే చోట ఇంకొకరిని చూడలేక చర్చి మానేశాను. మొన్న సోమవారం బియ్యం కడగబోతూ ఒక పిడికెడు పక్కకు తీశాను. ఎందుకు తీశానో తెలియదు. మర్నాడూ తీశాను. ఇవాళ అవన్నీ గుడ్డలో మూటకట్టుకుని చర్చికి వెళ్లాను.

ఇన్నేళ్లూ నేను నిలబడిన చోటే, బియ్యం డ్రమ్ము పక్కన స్తుతి నిలబడి ఉంది. నీ ఈడు పిల్ల. నన్ను చూసి కంగారుపడింది.

"మీరెందుకండీ అమ్మగారూ?" అంది.

"నేనూ పొయ్యి వెలిగిస్తున్నాగా తల్లీ" అన్నాను.

మూత తీసింది. పోశాను. అప్పుడు తలెత్తి వేదిక వైపు చూడగలిగాను.

కోతలు ఏప్రిల్ దాకా ఉంటాయి. తర్వాత ఏమిటో నాకింకా తెలియదు. బాబాయికి వందనాలు, వ్యాను వద్దని చెప్పు. నువ్వు మాత్రం రా. చాప ఒకటే ఉంది, సర్దుకుందాం.

తింటున్నావా అని నువ్వు అడుగుతున్నదానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. వండేదాన్ని, ముద్ద దిగేది కాదు. ఇవాళ చర్చి నుంచి వచ్చి వండుకున్నాను. ఆకలేసి తిన్నాను.

మీ అమ్మ,
సంతోషకుమారి