పగిలిన ఓవెన్ గిన్నె

మంగళవారం రాత్రి, సూరత్

ఎన్నేళ్లుంటే ఒక ఊరు మనదవుతుంది? ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ ఇదే ప్రశ్న. ఆయనకు బ్యాంకులో విజయవాడ బదిలీ ఇస్తామన్నారు. రేపు జవాబు చెప్పాలి.

సాయంత్రం గాజు ఓవెన్ గిన్నె చేజారి పగిలింది. పాప ఆ ముక్కల్ని పాతసామాన్లవాడికిచ్చే సీసాల సంచిలో వేయబోతే ఆపాను.

"అరే మమ్మీ, రెండూ గాజే కదా!"

"ఇది వేడికి తట్టుకునే గాజు. సీసాలు కరిగే వేడికి సరిగ్గా కరగదు. ముక్క మిగిలితే కొత్త సీసా అక్కడే చిట్లుతుంది."

"మరి విజయవాడలో నన్ను ఏ సంచిలో వేస్తావ్? నాకు తెలుగు చదవడమే రాదు" అని నవ్వింది.

నాకు నవ్వే ఓపిక లేకపోయింది. ముక్కల్ని కాగితంలో చుట్టి పక్కన పెట్టాను. ఆయన పడుకునే ముందు మళ్లీ అడిగారు, ఏం చెప్పమంటావని. నాకు వెళ్లాలనే ఉంది. పాప కోసం ఆగాలా, నా కోసం వెళ్లాలా, తేల్చుకోలేకపోతున్నాను.