నాలుగు మాత్రలు

ప్రియమైన పిచ్చుకకు,

మూత్రంలో మంట మళ్ళీ మొదలైంది. ఏడాదిలో ఇది ఐదోసారి. వాచీ మూత తీసి కంటికి భూతద్దం పెట్టుకునేలోపే లేవాల్సి వస్తోంది. రిపేరుకొచ్చిన ఒకాయన నేను లేచి కూర్చోవడం చూసి, బాగుచేస్తున్నది వాచీనా, మోకాళ్ళనా అని అడిగాడు. పోయినసారి నువ్వు పంపిన మాత్రలు రెండు పడేసరికే తగ్గింది. మందుల షాపులో చెల్లెలుండగా నాకు డాక్టరుతో పనేంటి? త్వరగా పంపు.

నీ అక్క

ప్రియమైన అక్కకు,

ఈసారి వేరే రకం, కాస్త గట్టి మందు. ఎప్పటిలాగే నాలుగు. పూటకొకటి వేసుకో. పదకొండేళ్ళుగా కౌంటర్లో నిలబడి ఇవే ఇస్తున్నాను, నాకు తెలీదా? నాకూ అప్పుడప్పుడూ ఈ బాధ ఉన్నదేగా. నీళ్ళు తాగు, మొండికెయ్యకు.

నీ పిచ్చుక

అమ్మకు,

చెల్లి ఇంకా బడి నుంచి రాలేదు. గడియారాలన్నిటికీ ఎవరో ముళ్ళు తిప్పేశారు. పొద్దునో సాయంత్రమో తెలియడం లేదు. చిన్న స్క్రూ నోట్లో పెట్టుకున్నాను, మింగానో, బిగించానో. చలేస్తోంది. చెల్లి వాటా నేను ముట్టుకోలేదని దానికి చెప్పు.

నీ పెద్దది

ప్రియమైన అక్కకు,

కవరు మీద అడ్రసు నాది, లోపల ఉత్తరం అమ్మకు. అమ్మ పోయి పందొమ్మిదేళ్ళు. వెంటనే బస్సెక్కి వస్తే, నన్ను చూసి జడ వేసుకోమన్నావు. ఆస్పత్రిలో చేర్చాను. పక్క కొట్లో పుస్తకాలు కుట్టే ఆవిడ నీ దగ్గర ఉంటానంది. సెలవు అయిపోయి నేను వచ్చేశాను. నీ మతి పోయిందనే అనుకుంటున్నాను అక్కా. స్క్రూలు మింగే మనిషిని ఒంటరిగా ఎలా వదలను? నీ కొట్టుకు తాళం వేసి, నెలాఖరుకి ఖాళీ చేస్తామని ఓనరుతో చెప్పేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. చేసింది తప్పో ఒప్పో తెలియడం లేదు. ఇది నీకెవరు చదివి వినిపిస్తారో.

పిచ్చుక

ప్రియమైన పిచ్చుకకు,

ఎవరూ వినిపించలేదు, నేనే చదివాను. నాకు మతి పోలేదు. మూత్రంలోని క్రిములు రక్తంలోకెక్కి తల తిప్పేశాయట, ఈ వయసులో అలా అవుతుందట. డాక్టరమ్మ వాటిని గాజు పళ్ళెంలో పెంచి, ఆరు మందుల బిళ్ళలు పెట్టి చూపించింది. ఐదింటిని అవి లెక్కచేయలేదు, అంచులదాకా పెరిగాయి. ఒక్కదాని చుట్టూ మాత్రం అవి చచ్చి, వాచీ డయలంత ఖాళీ. ఆ మందే వారం రోజులు సెలైన్‌లో ఎక్కించారు. తగ్గిందని మధ్యలో ఆపేస్తే గట్టి క్రిములు మిగిలి, అవే సంతానం పెంచుకుంటాయట.

కోపంగా ఉంది. నీ మీదో, నా మీదో తేలడం లేదు. నువ్వు పంపే నాలుగే చాలవట. నేను వేసుకున్నది ప్రతిసారీ రెండే. మిగతా రెండూ స్క్రూల డబ్బాలో దాచాను, నీకు మంటొస్తే పనికొస్తాయని. ఇప్పటికి పది పోగయ్యాయి. పిచ్చుకా, అవి నీకివ్వను. మంటొస్తే ముందు పరీక్ష చేయించుకో. ఎవరికీ మాత్రలు అలా చేతికివ్వకు.

ఓనరుతో మాట్లాడాను, కొట్టు ఖాళీ చేయడం లేదు. తాళంచెవి పోస్టులో పంపకు, నువ్వే తీసుకురా. గోడ గడియారాలన్నీ ఆగిపోయి ఉంటాయి. అన్నిటికీ కీ ఇవ్వాలంటే ఇద్దరం కావాలి.

నీ అక్క