ముందు భాగం రాని లారీ

మాంగ్‌కాక్, ఫిబ్రవరి 18

ప్రియమైన ఫాంగ్ అన్నయ్యా,

కొత్త సంవత్సరం బాగా జరిగిందా? వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? నేనైతే పిల్లలకి ఎర్ర కవర్లలో డబ్బులు పంచి పంచి ఖాళీ అయిపోయా. పండగ పూర్తవకుండానే కొట్టు తెరిచేశా. తెరవకపోతే మన సిపాయి బొమ్మల పిచ్చోళ్ళు ఊరుకుంటారా? షట్టర్ ముందే నిలబడ్డారు. కొనడానికి కాదులే, కలల చీటీలు అంటించడానికి. ఈ పదిహేను రోజులూ, లాంతర్ల పండగ దాకా, నా కొట్టు గోడ వాళ్ళదేగా. ఎవడికి ఏ బొమ్మ కావాలో రాసి అంటించడం, ఎక్కువమంది రాసింది నేను నీకు పంపడం. ఎన్నేళ్ళుగా నడుస్తోందో!

ఈసారి మాత్రం ఆ గోడ చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. "లై-హా, ఒక్క ఉక్కు దిమ్మే మిగిలింది, ఒక్క బొమ్మ అచ్చే కోయగలను. మీవాళ్ళు ఏది కలగంటే అదే కోస్తా. అమ్ముడైతే నా షెడ్డు ఉంటుంది, లేకపోతే యజమానికి తాళాలు ఇచ్చేస్తా" అని ఫోన్లో ఎంత తేలిగ్గా అనేశావన్నయ్యా! నీ దగ్గర యంత్రం నడిపే పెద్దాయన జౌ ఈ వయసులో ఎక్కడికి పోతాడు? నేను సిపాయిలకి కనుబొమ్మలు గీయడం నేర్చుకుంది ఆ షెడ్డులోనే కదా.

గోడ మీద ఏముందో చెప్తా విను. ట్యాంకు. ఎటు చూసినా ట్యాంకే. ఆ జర్మన్ వాళ్ళ పెద్దది, మన అడుగెత్తు సిపాయిలకి సరిపోయే సైజులో. అంటే మా ఇంట్లో భోజనాల బల్ల కంటే పొడుగు. టాక్సీ నడిపే మాక్‌ని పట్టుకుని అడిగా.

"మాక్ అన్నా, ఇది మీ ఇంట్లో ఎక్కడ పెడతావ్?"

"పెట్టడమేంటి? ఇది కల."

"కలైనా తలుపులోంచి దూరాలిగా?"

"నీకు యుద్ధం గురించి తెలీదు లై-హా," అని టీ కప్పు నా కౌంటర్ మీదే వదిలేసి పోయాడు. కప్పు కడిగింది కూడా నేనే.

యిప్ మాస్టారు ఇంకా ఘోరం. ట్యాంకుతో పాటు దాన్ని మోసుకెళ్ళే ట్రెయిలర్ కూడా రాశాడు. ఆయన పడుకునేది పుస్తకాల అలమర మీద అమర్చిన మంచం మీద! నాకేం అర్థం కావట్లేదు. నువ్వేమంటావ్?

నీ చెల్లెలు,
లై-హా


డొంగ్వాన్, ఫిబ్రవరి 21

చెల్లీ,

వదిన కాలు ఫర్వాలేదు. చలికి లాగుతోంది, అంతే.

నేననేది ఏం లేదు. నేను అచ్చు కోసేవాణ్ణి. కొనేవాళ్ళ మొహాలు రోజూ చూసేది నువ్వు. ఒక్క పేరు చెప్పు. ఉక్కు కోశాక మళ్ళీ అతికించలేం, అది గుర్తుపెట్టుకో.

షెడ్డు యజమాని నిన్న వచ్చాడు. జూన్‌లో పడవల పండగ దాకా ఆగుతానన్నాడు. జౌ యంత్రానికి నూనె పెట్టి రోజూ తుడుస్తున్నాడు. చెయ్యడానికి వేరే పని లేదు.

ఒక్క పేరు.

ఫాంగ్ క్వై-సాంగ్


మాంగ్‌కాక్, మార్చి 6

ప్రియమైన అన్నయ్యా,

లాంతర్ల పండగ అయిపోయింది, చీటీలు విప్పేశా. ట్యాంకే గెలిచింది, దాని దరిదాపుల్లో ఇంకోటి లేదు. హమ్మయ్య అనుకున్నా. తర్వాత నా వ్యాపారం బుర్ర నిద్రలేచింది. "సరే బాబులూ, అన్నయ్య కోస్తాడు, సగం డబ్బు ముందు కట్టి పేర్లు రాయించుకోండి" అన్నా.

ఏమైందో తెలుసా? కొట్టు ఖాళీ! ఇప్పుడే భోంచేసొస్తా అని ఒకడు, మా ఆవిడని అడిగొస్తా అని ఇంకొకడు. ఆవిడని అడగడమంటే ఇక రాకపోవడమేగా. యిప్ మాస్టారు మాత్రం నిలబడి నెమ్మదిగా చెప్పాడు:

"అమ్మా లై-హా, అది దొరకనంత కాలమే అందరికీ ఇష్టం. దొరికితే లిఫ్టులో పట్టదు."

"మరెందుకు రాశారు మాస్టారూ?"

"కలల చీటీ మీద జీపు రాస్తే పరువుంటుందా?"

చూశావా! పక్కవాడు చదువుతాడని పెద్దది రాశారట అందరూ. ఏటా నేను నీకు పంపిన పేర్లన్నీ ఇలాంటివేనా? వాటిల్లోంచి మనం కోసిన చిన్నవేవో అదృష్టం కొద్దీ అమ్ముడయ్యాయా?

అందుకని ట్యాంకు వద్దు, సైడ్‌కారు మోటార్ సైకిల్ కొయ్యి. ఇంట్లో పడుతుంది. ఆగాగు, మోటార్ సైకిల్ ఇప్పటికే నాలుగు ఫ్యాక్టరీలు చేశాయి, మా కింద అంతస్తు కొట్లలో డిస్కౌంట్‌లో పడున్నాయి. వద్దు. ట్యాంకే కొయ్యి, కనీసం పేరైనా వస్తుంది. అయ్యో, పేరుతో జౌకి జీతమెలా ఇస్తాం?

నాకు తెలీట్లేదన్నయ్యా. నిజంగా తెలీట్లేదు.

లై-హా


డొంగ్వాన్, మార్చి 9

చెల్లీ,

ఒక్క ఉత్తరంలోనే కొయ్యమన్నావు, వద్దన్నావు, మళ్ళీ కొయ్యమన్నావు.

సరే. నేనే చూసుకుంటాను. కొన్నాళ్ళు ఫోన్ ఎత్తను. కంగారు పడకు.

క్వై-సాంగ్


మాంగ్‌కాక్, మార్చి 27

ప్రియమైన అన్నయ్యా,

కంగారు పడకు అని రాసి మాయమైపోతే ఎవరికైనా కంగారు రాదా? వదినకి ఫోన్ చేస్తే "ఒక సంచీ సర్దుకుని వెళ్ళాడమ్మా, ఉక్కు పని మీద అన్నాడు" అంది. ఉక్కు నీ షెడ్డులోనే ఉందిగా! నా మీద కోపం వచ్చిందా? వస్తే తిట్టు. నువ్వు తిడితే నాకు అర్థమవుతుంది, మాట్లాడకపోతేనే అర్థం కాదు.

ఇంకో సంగతి, జాగ్రత్తగా చదువు. ఇక్కడ ఎవరో గూఢచారి తిరుగుతున్నాడు. వేరే ఫ్యాక్టరీ మనిషే అయ్యుంటాడు. నేను బుధవారం కొట్టు మూసి హోల్‌సేల్ సరుకు కోసం వెళ్తానుగా, సరిగ్గా ఆ రోజే వచ్చి కింద టీ హోటల్లో మనవాళ్ళ పక్కన కూర్చున్నాట్ట. "నాకూ సిపాయిలున్నారు, పెట్టుకోవడానికి చోటు లేదు, మీవాళ్ళు ఎక్కడ ఉంటారు?" అన్నాట్ట. అంతే, మన మాక్ తన ఇంటికి తీసుకెళ్ళి చూపించేశాడు. వీళ్ళకి ఎవడైనా సిపాయిల మాటెత్తితే చాలు, బ్యాంకు పాస్‌బుక్ కూడా చూపిస్తారు.

"పేరైనా అడిగావా మాక్ అన్నా?"

"ఎందుకు? మంచాయన. మా ఆవిడ చేసిన సూప్ రెండు గిన్నెలు తాగాడు."

"ఏం చేశాడు మీ ఇంట్లో?"

"సిపాయిల్ని కూర్చోబెట్టి కొలిచాడు."

"ఏం కొలిచాడు?"

"వెనకాల. కూర్చునే చోటు. వీపున సంచీతో ఒకసారి, సంచీ లేకుండా ఒకసారి."

అన్నయ్యా, నేను పదిహేనేళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నా. సిపాయిల పిర్రలు కొలిచే మనిషిని ఎప్పుడూ చూళ్ళేదు. యిప్ మాస్టారి ఇంటికి కూడా వెళ్ళాట్ట. వాళ్ళేదో కొత్తది కనిపెడుతున్నారు. నువ్వు త్వరగా ఏదో ఒకటి కొయ్యి. నీ ఇష్టం. ట్యాంకైనా సరే.

దిగులుగా,
లై-హా


మాంగ్‌కాక్, మే 12

అన్నయ్యా,

ప్రియమైన అని రాయడానికి కూడా మనసు రావట్లేదు, అంత గందరగోళంలో ఉన్నా.

నెలన్నరగా నీ జాడ లేదు, ఇవాళ పొద్దున్న హఠాత్తుగా నీ నమూనా వచ్చింది. ఒకటే పెట్టె. అందరూ చుట్టూ మూగారు, నేను టేపు కోశా. లోపల ఆ పాతకాలం అమెరికన్ మిలటరీ లారీ. ఎంత బాగుందని! ఆకుపచ్చ గుడ్డ కప్పు, చెక్క బల్లలు, వెనక తలుపు గొలుసులతో సహా. కానీ సగమే! వెనక సగమే ఉంది. స్టీరింగ్ లేదు, ఇంజన్ లేదు, డ్రైవర్ కూర్చునే గది లేదు. ముందు వైపు గోడలా నున్నగా ఉంది.

దారిలో రెండో పెట్టె పోయింది! నేను మెట్లు దిగి పరిగెత్తి పెట్టె తెచ్చిన లారీవాణ్ణి వీధి చివర పట్టుకున్నా.

"ఇంకో పెట్టె ఏదయ్యా?"

"ఒక్కటే ఎక్కించారక్కా."

"ముందు భాగం లేకుండా బండి ఎలా నడుస్తుంది?"

"బొమ్మ కదక్కా, ఎలాగూ నడవదు."

నోటికొచ్చినట్టు తిట్టా. లారీ వెనక తలుపు తీయించి, ఎవరివో బట్టల మూటలన్నీ దింపించి వెతికా. లేదు. వాడు మంచివాడు, పాపం మూటలన్నీ మళ్ళీ ఎక్కించుకుని "సరిహద్దు దగ్గర అడుగుతా" అని పోయాడు.

తిరిగొచ్చేసరికి ఇక్కడ ఇంకో గొడవ. మాక్ ఇంటికెళ్ళి సిపాయిల్ని సంచీలో వేసుకొచ్చాడు. ఆ బల్లల మీద ఇటు అయిదుగురు, అటు నలుగురు. తుపాకులు కాళ్ళ మధ్య పెట్టించాడు. యిప్ మాస్టారికి కోపం వచ్చింది.

"జర్మన్‌నీ బ్రిటిష్‌వాణ్ణీ ఒకే బండిలో ఎక్కిస్తావా? చరిత్ర చదువుకున్నావా నువ్వు?"

"మా బిల్డింగ్‌లో మేము నచ్చినవాళ్ళ పక్కనే ఉంటున్నామా మాస్టారూ? చోటు దొరికిన చోట ఉంటున్నాం."

మాస్టారు తన చేతిసంచీలోంచి ఒక నర్సు బొమ్మ తీసి మెల్లిగా చివర కూర్చోబెట్టాడు. ఇప్పుడు సాయంత్రమైంది, ఒక్కడు కదలట్లేదు. ముగ్గురు ఈ నమూనానే ఇచ్చేయమని గొడవ. "ముందు భాగం రానివ్వండి" అంటే వినిపించుకోవట్లేదు. ఆర్డర్ రాసుకో రాసుకో అంటున్నారు. సగం బండికి ఆర్డర్ ఎలా రాసుకోను? రేపు ముందు సగం దొరక్కపోతే నన్ను నమిలేస్తారు.

వెంటనే రాయి. రెండో పెట్టె మీద ఏ చిరునామా రాశారు?

లై-హా


డొంగ్వాన్, మే 15

ప్రియమైన చెల్లీ,

రెండో పెట్టె లేదు. ఆ లారీ కుర్రాడికి నా తరఫున క్షమాపణ చెప్పు.

ముందు భాగం నేను కోయలేదు.

మీ గూఢచారిని నేనే. నువ్వు ఉండే రోజు వస్తే, గోడ మీద చీటీలు చూపిస్తావు, మంచి హోటల్‌కి తీసుకెళ్తావు, ఇద్దరం మాట్లాడుకుని మళ్ళీ ట్యాంకు దగ్గరికే వస్తాం. నేను అచ్చులాయన ఫాంగ్‌ని అని చెప్తే వాళ్ళు కూడా నాకు ట్యాంకే చెప్తారు. అందుకే చెప్పకుండా వచ్చా.

మాక్ ఇల్లు చూశావా ఎప్పుడైనా? నలభై మంది సిపాయిలు మంచం కింద పెట్టెల్లో. ఆదివారం ఒక్కొక్కణ్ణే తీసి భోజనాల బల్ల మీద నిలబెడతాడు. సాయంత్రం వాళ్ళావిడ గిన్నెలు తెస్తుంది, మళ్ళీ పెట్టెల్లో పడుకోబెడతాడు. యిప్ మాస్టారు తలగడ దగ్గర పేర్చుకున్నాడు, పక్కకి దొర్లితే పడతారని కదలకుండా పడుకుంటాట్ట. వాళ్ళందరికీ నేనే అచ్చు పోశాను. ఒక్కడు కూర్చోవడానికి చోటు చెయ్యలేదు ఇన్నేళ్ళలో. ట్యాంకు చేస్తే అది ఇంకో చోటు తింటుంది. లారీ ముందు భాగం కూడా తింటుంది. పుస్తకాల అరలో, గోడకి ఆనించి పెట్టేది కావాలి. పదిమంది దాంట్లో పడితే మూడు పెట్టెలు ఖాళీ.

నడుముకి నీళ్ళ సీసా, వీపున సంచీ ఉంటే ఒక్కొక్కడు ఎంత చోటు తీసుకుంటాడో తెలియకుండా బల్ల కోయలేను. అందుకే కొలిచా. నవ్వుకో.

నీకు చెప్పకుండా పంపింది కావాలనే. ముందు భాగం ఏదని వాళ్ళు అడుగుతారా లేదా చూద్దామనుకున్నా. నీ ఉత్తరం రెండుసార్లు చదివా. అడిగింది నువ్వొక్కదానివే.

ఉక్కు కోసేశాను కాబట్టి ఇప్పుడు నాకూ భయంగానే ఉంది. ఆర్డర్లు రాసుకో. ఎన్నో చెప్పు. జౌ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

నీ అన్న,
క్వై-సాంగ్


మాంగ్‌కాక్, మే 20

ప్రియమైన దొంగ అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు తిట్టా, తర్వాత నవ్వా, తర్వాత కౌంటర్ కింద కూర్చుని కాసేపు ఏడ్చా. ఎందుకో నాకే తెలీదు.

ఆర్డర్ల కాగితం దీంతో పాటే పంపుతున్నా. మనం ఏటా అమ్మేదానికి మూడింతలు ఉంది. ఈసారి సగం డబ్బు ముందే కట్టారు, ఎవ్వరూ భోజనానికి పోలేదు. కింద అంతస్తువాళ్ళు, కౌలూన్ బే నుంచి ఎవరో, పేరు కూడా తెలీనివాళ్ళు. షెడ్డు యజమానికి ఏడాది అద్దె మొహాన కొట్టు. జౌ పెద్దాయన్ని యంత్రం దగ్గరికి పంపు.

నమూనా ఎవరికివ్వాలో తేలక, చివరికి మాక్‌కే ఇచ్చా. "నువ్వే తెచ్చి పెట్టాలి" అన్నాడు. పదిహేనేళ్ళుగా ఆ మనిషికి టీ పోస్తున్నా గానీ ఇల్లు ఎటుందో తెలీదు నాకు. నిన్న వెళ్ళా. లిఫ్టులో పట్టింది. తలుపులోంచి తిన్నగా వచ్చింది. టీవీ పక్కన గోడకి ఆనించి పెడితే, బండి గోడలోంచి ఇప్పుడే వచ్చి ఆగినట్టుంది.

మాక్ కూర్చోబెట్టడం మొదలెట్టాడు. ఒకడి మోకాలు వంగట్లేదు, నేను కాస్త నూనె రాశా. వాళ్ళావిడ వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తోంది. పాతికేళ్ళుగా ఆవిడకి ఆ బొమ్మలంటే పడదని విన్నా. లారీ బల్ల చివర ఒక చోటు మిగిలింది. ఆవిడ నెమ్మదిగా వచ్చింది, చెయ్యి తుడుచుకుంది, పెట్టెలోంచి ఒకణ్ణి తీసి, టోపీ సరిచేసి, అక్కడ కూర్చోబెట్టింది.

తర్వాత ఖాళీ అయిన భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి మా వైపు తిరిగి అంది:

"వాళ్ళంతా కూర్చున్నారుగా. ఇక మనమూ కూర్చుందాం రండి, సూప్ చల్లారిపోతోంది."

నీ చెల్లెలు,
లై-హా