పిచ్చుక పంపమన్న ఫొటోలు

అమ్మా,

నేను బాగున్నాను. నువ్వు మొదట అడిగేది అదే కాబట్టి ముందే రాసేస్తున్నాను.

బట్టల దుకాణంలో పని బాగానే ఉంది. నేను మడత పెడతాను, ఎవరో వచ్చి విప్పి చూసి కొనకుండా వెళ్తారు, మళ్లీ మడత పెడతాను. గిరాకీ లేనప్పుడు కొత్త కోటొకటి భుజాన వేసుకుని పెద్దద్దం ముందు నిలబడతాను. అద్దం కాకుండా ఇంకెవరైనా నన్నలా ఒక్కసారి చూస్తే బాగుండును!

పేపర్లో ఒక ఏజెన్సీ ప్రకటన పడింది. మోడళ్లు కావాలట. దరఖాస్తు పంపేశాను. నా ఫొటోలు నీ బీరువాలో ఉన్నాయి కదా, కింద రాసిన చిరునామాకి రెండు నేరుగా పంపు. వద్దనకే అమ్మా.

ఇట్లు,
నీ పిచ్చుక

తా.క.: నానమ్మకి చెప్పకు. మోడలంటే ఏమిటో ఆవిడకి అర్థమయ్యేలోగా నా వయసు దాటిపోతుంది.

*

పిచ్చుకకు అమ్మ ఆశీస్సులు.

ఫొటోలు పంపాను. బీరువా రెండో అరలో, పేరు రాసిపెట్టిన కవర్లో, ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. మీ నాన్నలా ఇల్లంతా తిరగేసే పని నాకు లేదు.

వద్దని ఎందుకంటాను? నీ వయసులో నేను కావాలని ఫొటో స్టూడియో ఉన్న వీధిలోంచే నడిచేదాన్ని. వాళ్ల గాజు బీరువాలో ఎవరెవరివో ఫొటోలు పెట్టేవారు. నాదీ ఒకటి పెడితే వాళ్ల సొమ్మేం పోతుందనుకునేదాన్ని.

కానీ అడగవలసినవి అడుగుతాను. ఆ ఆఫీసుకి బోర్డుందా? ఇంతకుముందు ఎవరి బట్టలకి ఫొటోలు తీశారు? వాళ్లతో పనిచేసిన అమ్మాయితో ఒక్కసారి మాట్లాడావా? ఎక్కడికీ ఒంటరిగా వెళ్లకు. నీ చదువు కాగితాలు, అసలువి, ఎవరి చేతిలోనూ పెట్టకు.

నువ్వు వెళ్లాక ఇల్లు సర్దింది సర్దినట్టే ఉంటోంది. నాకేం బాగాలేదు.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క.: నానమ్మకి నేను చెప్పలేదు. వంటింటి తలుపు వెనక నిలబడి తనే వినేసింది. ఆవిడకి వినపడదని ఇన్నేళ్లూ నేను అన్న మాటలన్నీ ఇప్పుడు గుర్తొచ్చి చెమటలు పడుతున్నాయి.

*

అమ్మా అమ్మా అమ్మా,

సెలెక్టయ్యాను! మనిషిని చూడకుండానే, నువ్వు పంపిన ఫొటోలు చూసే! "ఇటువంటి ముఖం అరుదు, విదేశీ కంపెనీలు ఎగరేసుకుపోతాయి" అని మేనేజరుగారు స్వయంగా రాశారు. ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను.

ముందు ఆల్బమ్ తీయాలట, దానికి డబ్బు మనమే కట్టాలట. మొదటి పని రాగానే తిరిగొచ్చేస్తుందిలే. శనివారంలోగా కట్టకపోతే నా చోటు ఇంకో అమ్మాయికి వెళ్లిపోతుంది. ఆఫీసుకి రంగులేస్తున్నారు కాబట్టి ఆ రోజు సాయంత్రం స్టేషన్ పక్క లాడ్జికి రమ్మన్నారు, చదువు కాగితాలు తీసుకుని. ఒంటరిగానే. తోడుగా ఎవరైనా వస్తే ఆడపిల్లలు కెమెరా ముందు బిగుసుకుపోతారట.

నీకిది నచ్చదని తెలుసు. కానీ నన్ను అరుదు అన్నవాళ్లు ఇప్పటిదాకా ఎవరున్నారమ్మా? డబ్బు పంపు.

నీ పిచ్చుక

తా.క.: నా కళ్లలో "తరాల అనుభవం" కనిపిస్తోందట. నిన్నగాక మొన్న చదువు పూర్తయినదాన్ని!

*

పిచ్చుకా,

ఈ ఉత్తరం అందగానే కూర్చుని చదువు. లాడ్జికి వెళ్లకు.

ఇవాళ నానమ్మ పింఛను కాగితాలకి ఫొటోలు అడిగితే కవరు తీశాను. అందులో నువ్వున్నావు. అంటే నేను విప్పి చూడకుండా ఏజెన్సీకి పంపింది నానమ్మని. నీకూ ఆవిడ పేరే పెట్టిన పుణ్యం మీ నాన్నది. అత్తగారి పేరు పెట్టి పిలవడానికి నోరు రాక నేను నిన్ను పిచ్చుక అన్నానే గాని, కవరు మీద పిచ్చుక అని రాయలేను కదా. రెండు కవర్ల మీదా ఒకే పేరు రాశాను.

ఎంపికైన ముఖం నానమ్మది. అదీ పళ్లసెట్టు తీసేసి దిగిన ఫొటో.

ఇప్పుడు ఆలోచించు. ఎవరి ఫొటో పంపినా వాళ్లు ఇదే రాసేవాళ్లు. వాళ్లకి కావలసింది ముఖం కాదు. పని ఇచ్చేవాడు మనకి డబ్బిస్తాడు, మనల్ని అడగడు. తొందరపెట్టేవాడు మనం ఎవరినైనా అడుగుతామేమోనని తొందరపెడతాడు. ఇక లాడ్జి, సాయంత్రం, ఒంటరిగా! ఆ ఉత్తరం చించకుండా తీసుకెళ్లి పోలీసులకివ్వు. ఎవరినైనా తోడు తీసుకెళ్లు.

నీ మనసు విరుగుతుందని తెలుసు. విరిగినా నువ్వు క్షేమంగా ఉండాలి.

అమ్మ

తా.క.: తను సెలెక్టయిందని నానమ్మకి తెలిసిపోయింది. చేతికర్ర పక్కన పెట్టి హాల్లో నడక సాధన చేస్తోంది. "విదేశాలకి నేను ఒంటరిగా వెళ్లను, కోడల్ని తోడు పంపాలని వాళ్లకి రాయి" అంటోంది. ఆవిడకున్న బుద్ధి నీకు లేకపోయింది.

*

అమ్మా,

ఇన్నాళ్లూ రాయలేదు. లాడ్జికి వెళ్లలేదు. కోపం నీ మీద కాదు. అరుదైన ముఖం నాది కాదని తెలిశాక అద్దానికి తువ్వాలు కప్పేశాను.

దుకాణం ఆవిడ నా వాలకం చూసి అడిగింది. చెప్పాను. "నాతో ముందే అనొద్దుటే పిచ్చిమొహమా!" అని తిట్టి, పోలీసుల దగ్గరికి తనే తీసుకెళ్లింది. అక్కడ నాకొచ్చినలాంటి ఉత్తరాలు చాలానే ఉన్నాయి. తర్వాత, తన దుకాణం బట్టలకి ఫొటోలు తీసే స్టూడియోకి తోడు వచ్చింది. నువ్వు రాసిన ప్రశ్నలన్నీ అడిగాను. వాళ్లు నవ్వలేదు. ఒక్కోదానికి జవాబిచ్చారు. ఒప్పందం కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకో అన్నారు. నన్ను పైసా అడగలేదు, వాళ్లే ఇచ్చారు.

కేటలాగు ఒకటి పంపుతున్నాను. అందులో నేనున్నాను. ఎక్కడో చెప్పను.

పిచ్చుక

తా.క.: నానమ్మని నడక ఆపమను. పడితే విదేశీ కంపెనీలు రావు.

*

పిచ్చుకకు అమ్మ ఆశీస్సులు.

కేటలాగు అందింది. నేనూ నానమ్మా కిటికీ దగ్గర కూర్చున్నాం. నానమ్మ భూతద్దం పెట్టి ఒక్కో అమ్మాయికీ వంక పెట్టింది. ముఖాలన్నీ అయిపోయాయి, నువ్వు లేవు. మళ్లీ ఎవరో మోసం చేశారనుకున్నాను.

ఆఖరి పేజీకి ముందు ఒక మగ చొక్కా. ఎవరిదో చెయ్యి పై గుండీ పెడుతోంది. బొటనవేలితో, నడిమి వేలితో పట్టుకుని, చూపుడువేలు మాత్రం గాల్లోకి లేపి. "మన పిచ్చుకే!" అని నానమ్మా నేనూ ఒకేసారి అన్నాం. చిన్నప్పుడు నీ గౌను గుండీలు నువ్వే పెట్టుకుంటానని అలాగే వేలు లేపేదానివి. దించమని ఎన్నిసార్లు కసిరానో! దించలేదు, మంచిపని చేశావు.

ఆ పేజీ మీద నా చెయ్యి పెట్టి చూశాను. కాగితం నున్నగా, చల్లగా ఉంది.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క.: ఆ చొక్కాలో అబ్బాయికీ తల లేదు. పెళ్లయిందో లేదో కనుక్కోమని నానమ్మ రాయమంది.

మళ్లీ తా.క.: సెలవు దొరకగానే రా. వచ్చేటప్పుడు ముఖం కూడా తెచ్చుకో.